డేటాబేస్ కాపీ దూరంగా ఉంచాలంటే: ఏ పద్ధతి ఎవరికి నప్పుతుంది

ప్రమాదం వస్తే ఆదుకుంటుందని పెట్టుకున్న రెప్లికాయే (డేటాబేస్ రెండో కాపీయే) ప్రమాదం తెచ్చిపెట్టిన రాత్రి ఒకటి నాకు బాగా గుర్తుంది. అప్పట్లో నేను పనిచేసే చోట పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కి వేరే ఊళ్లో ఒక స్టాండ్‌బై, అంటే అసలుది పడిపోతే దాని స్థానంలోకి రావడానికి సిద్ధంగా ఉండే కాపీ, ఉండేది. ఒక శుక్రవారం సాయంత్రం రెండు చోట్లనీ కలిపే వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగా పోయే ప్రైవేటు లింకు) తెగింది. ఎవరూ గమనించలేదు. స్టాండ్‌బైకి పంపాల్సిన లాగ్ ఫైళ్లను (జరిగిన మార్పుల చిట్టాని) ప్రైమరీ, అంటే అసలు డేటాబేస్, తన డిస్క్‌లోనే దాచుకుంటూ పోయింది. అలా దాచమని చెప్పే రెప్లికేషన్ స్లాట్ అనే ఏర్పాటు పెట్టింది మేమే. ఆదివారం తెల్లవారుజామున మూడింటికి డిస్క్ నిండి డేటాబేస్ ఆగిపోయింది. మంటలు లేవు, వరద లేదు, డేటా సెంటర్‌లో ఒక్క లైటు కూడా ఆరలేదు. విపత్తు కోసం చేసుకున్న ఏర్పాటే మమ్మల్ని పడేసింది.

అప్పటినుంచి ఈ పద్ధతుల్ని పోల్చేటప్పుడు నేను మొదట అడిగే ప్రశ్న మారిపోయింది. అంతా సవ్యంగా ఉన్నప్పుడు ఏది వేగంగా నడుస్తుందన్నది తర్వాత సంగతి. మధ్యలో లింకు తెగితే ఇది ఏం చేస్తుంది? ఆగుతుందా, పోగేసుకుంటుందా, చెప్పాపెట్టకుండా వదిలేస్తుందా? ఒక్కో పద్ధతి ఒక్కోలా చెడుతుంది. మనం భరించగలిగే చెడు ఏదో తేల్చుకుంటే ఎంపిక సగం అయిపోయినట్టే.

ముందు రెండు అంకెలు

ఎంతసేపటి డేటా పోయినా తట్టుకోగలం? దీన్ని ఆర్‌పీఓ అంటారు. పడిపోయాక ఎంతసేపట్లో లేచి నిలబడాలి? ఇది ఆర్‌టీఓ. వ్యాపారం చూసుకునేవాళ్లని అడిగితే రెండింటికీ సున్నా అనే చెబుతారు. వాళ్ల తప్పేం లేదు, అడిగిన తీరు అలాంటిది. ప్రశ్న తిప్పి అడగండి: నిన్న ఉదయం పది నుంచి పదీ ఐదు దాకా వచ్చిన ఆర్డర్లన్నీ మాయమైతే వాటిని మళ్లీ ఎక్కడినుంచైనా రాబట్టుకోగలమా? పేమెంట్ గేట్‌వే దగ్గరో, పంపిన ఈమెయిళ్లలోనో, మెసేజ్ క్యూలోనో వాటి ఆనవాళ్లు ఉంటాయా? ఉంటే ఐదు నిమిషాల నష్టం ఒక రోజు తలనొప్పి మాత్రమే. ఎక్కడా లేకపోతే అప్పుడు సున్నా గురించి నిజంగా మాట్లాడుకోవచ్చు. నేను చూసిన చోట్ల ఈ ప్రశ్న తర్వాత సున్నా కాస్తా ఐదు నిమిషాలో, పదిహేను నిమిషాలో అయ్యింది.

తర్వాత దూరం లెక్క. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2,00,000 కిలోమీటర్లు పోతుంది. అంటే 100 కి.మీ. దూరం వెళ్లి తిరిగి రావడానికి కనీసం 1 మిల్లీసెకను, 1,000 కి.మీ.కి 10 మిల్లీసెకన్లు. కేబుల్ సూటిగా పోదు, మధ్యలో రౌటర్లు ఉంటాయి, కాబట్టి కొలిస్తే దీనికంటే ఎక్కువే వస్తుంది. డబ్బు ఎంత పోసినా తగ్గని అంకె ఇది.

బ్యాండ్‌విడ్త్ లెక్క ఇంకా తేలిక. రోజుకి 50 జీబీ లాగ్ పుట్టే డేటాబేస్‌కి సగటున 4.6 ఎంబీపీఎస్ (సెకనుకి మెగాబిట్లు) చాలు. కానీ సగటుని నమ్ముకుంటే మోసపోతాం. రాత్రి నడిచే బ్యాచ్ జాబ్ గంటలో 20 జీబీ పుట్టిస్తే ఆ గంటలో 44 ఎంబీపీఎస్ దాటుతుంది. మొదటి కాపీ సంగతి వేరే: 1 టీబీని 100 ఎంబీపీఎస్ లింకు మీద పంపడానికి లింకు పూర్తిగా మనకే దొరికినా 22 గంటలు పైగా పడుతుంది. ఆ 22 గంటల్లో పుట్టే లాగ్‌ని కూడా ఎక్కడో దాచాలి. రెప్లికా పాడై మళ్లీ మొదటినుంచి కట్టాల్సి వచ్చిన ప్రతిసారీ ఇదే లెక్క.

దూరమంటే కిలోమీటర్లే కాదు. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ సంస్థ డేటా సెంటర్ ఒకటి పూర్తిగా కాలిపోయింది. అదే ఆవరణలోని మిగతా భవనాలకీ కరెంటు తీసేయాల్సి వచ్చింది. బ్యాకప్‌లు కూడా అక్కడే ఉన్న కస్టమర్లకి రెండూ పోయాయి. అలాగే రెండు కాపీలూ ఒకే క్లౌడ్ అకౌంట్‌లో, ఒకే అడ్మిన్ పాస్‌వర్డ్ కింద ఉంటే, ఆ పాస్‌వర్డ్ దొంగ చేతికి చిక్కిన రోజున వాటి మధ్య దూరం సున్నా.

లాగ్ ఫైళ్లను పంపడం: మొద్దు పద్ధతి, నమ్మకమైన పద్ధతి

డేటాబేస్ ఏ మార్పు చేసినా ముందు లాగ్‌లో రాసుకుంటుంది, తర్వాతే అసలు ఫైళ్లను తాకుతుంది. పోస్ట్‌గ్రెస్‌లో దాని పేరు వాల్, ఒరాకిల్‌లో రీడూ. మైఎస్‌క్యూఎల్‌లో రెప్లికేషన్ కోసం బిన్‌లాగ్ అని వేరే లాగ్ ఉంటుంది. దూరపు కాపీ పద్ధతుల్లో చాలావాటి మధ్య తేడా, ఈ లాగ్‌ని అవతలికి ఎలా చేరవేస్తారన్న దగ్గరే. (తెలుగులో రాసేటప్పుడు ఈ లాగ్‌కీ, రెప్లికా వెనకపడే ల్యాగ్‌కీ తేడా చదువుతుంటే జారిపోతుంది. అందుకే రెండోదాన్ని వెనకబాటు అంటాను.)

అన్నింటికంటే పాతది, తేలికైనది లాగ్‌ని ఫైళ్లుగా పంపడం. ఒక పూర్తి బ్యాకప్ తీసి దూరంగా పెట్టండి, ఆ తర్వాత పుట్టే ప్రతి లాగ్ ఫైల్‌నీ అక్కడికే చేర్చండి. పోస్ట్‌గ్రెస్‌కి పీజీబ్యాక్‌రెస్ట్, బార్మన్, వాల్-జీ లాంటి టూల్స్ ఈ పని చేస్తాయి. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో లాగ్ షిప్పింగ్ అని ఉంది, మార్చకపోతే 15 నిమిషాలకోసారి నడుస్తుంది. అవతల సర్వర్ కూడా అక్కర్లేదు, ఆబ్జెక్ట్ స్టోరేజ్ (క్లౌడ్‌లో ఫైళ్లు దాచే చోటు) చాలు. అందుకే చవక.

పోస్ట్‌గ్రెస్ వాల్ ఫైల్ మామూలుగా 16 ఎంబీ. అది నిండేదాకా ఆగకుండా నిమిషానికోసారి పంపమని ఆర్కైవ్ టైమౌట్‌ని 60 సెకన్లు పెట్టొచ్చు. అప్పుడు నష్టం నిమిషం చుట్టుపక్కలకి దిగుతుంది. అయితే సగమే నిండినా ఫైల్ సైజు 16 ఎంబీయే. కొద్దికొద్దిగా మార్పులు జరుగుతూ ఉండే డేటాబేస్ కూడా ఇలా రోజుకి 23 జీబీ పంపుతుంది. కంప్రెషన్ పెడితే అందులో చాలా భాగం ఆవిరైపోతుంది, కాబట్టి తప్పకుండా పెట్టండి.

దీని బలహీనత లేచి నిలబడే సమయం. పూర్తి బ్యాకప్ దింపుకోవాలి, దాని మీద లాగ్‌లన్నీ వరసగా ఆడించాలి. పెద్ద డేటాబేస్‌కి గంటలు పడుతుంది. వారానికోసారే పూర్తి బ్యాకప్ తీస్తుంటే ఆరో రోజున ఆడించాల్సిన లాగ్ ఎంతో ఊహించుకోండి.

లింకు తెగితే? ఆర్కైవ్ కమాండ్ ఫెయిలవుతూ ఉంటుంది, పంపని ఫైళ్లు ప్రైమరీలో పోగవుతాయి. నా ఆదివారం రాత్రి జబ్బే ఇక్కడా ఉంది. పీజీబ్యాక్‌రెస్ట్‌లో దీనికి ఒక పరిమితి పెట్టుకోవచ్చు. అది దాటితే లాగ్‌లను పంపకుండానే వదిలేస్తుంది. ప్రైమరీ బతుకుతుంది, కానీ లాగ్ గొలుసు తెగుతుంది, మళ్లీ పూర్తి బ్యాకప్ తీయాలి. నన్నడిగితే ఆ బేరం మంచిదే, వదిలేసిన క్షణంలో ఎవరికో ఒకరికి ఫోన్ మోగేలా చేసుకుంటే.

అసింక్రనస్ స్ట్రీమింగ్: ఎక్కువమందికి నప్పేది

లాగ్ ఫైల్ నిండేదాకా ఆగకుండా పుట్టింది పుట్టినట్టు నెట్‌వర్క్ మీద అవతలి సర్వర్‌కి పంపుతూ ఉండటమే స్ట్రీమింగ్. పోస్ట్‌గ్రెస్‌లో ఇది 2010లో 9.0తో వచ్చింది. మైఎస్‌క్యూఎల్‌కి అంతకంటే ముందునుంచే తనదైన రెప్లికేషన్ ఉంది. అసింక్రనస్ అంటే ప్రైమరీ ఎవరి జవాబు కోసమూ ఆగదు, తన పని తాను చేసుకుపోతుంది. మామూలు రోజుల్లో వెనకబాటు సెకను కంటే తక్కువే ఉంటుంది. లేవడానికి నిమిషాలు చాలు, ఎందుకంటే అవతల డేటాబేస్ అప్పటికే నడుస్తోంది. దాన్ని ప్రైమరీగా ప్రమోట్ చేసి అప్లికేషన్లని అటు తిప్పితే చాలు.

ఇక్కడ పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్ తీర్లు పూర్తిగా వేరు, ఒకదాని అనుభవం రెండోదానికి పనికిరాదు.

పోస్ట్‌గ్రెస్‌లో స్లాట్ పెడితే, స్టాండ్‌బై తీసుకునేదాకా ప్రైమరీ లాగ్‌ని పారేయదు. దానికి హద్దు పెట్టే సెట్టింగ్, మ్యాక్స్ స్లాట్ వాల్ కీప్ సైజ్, 13వ వెర్షన్‌లో వచ్చింది. కానీ మనం ముట్టుకోకపోతే హద్దు లేనట్టే. డిస్క్‌లో ఎంత ఖాళీ ఉందో చూసి అందులో సగమో, మూడోవంతో అక్కడ రాయండి. హద్దు దాటితే స్లాట్ చెల్లకుండా పోతుంది, స్టాండ్‌బై తెగిపోతుంది. అప్పుడు పైన చెప్పిన లాగ్ ఆర్కైవ్ ఉంటే స్టాండ్‌బై తనకి కావాల్సిన పాత ఫైళ్లను అక్కడినుంచి తెచ్చుకుని మళ్లీ అందుకుంటుంది. లేకపోతే 22 గంటల కాపీ మొదటికొస్తుంది. స్టాండ్‌బై పెట్టుకునేవాళ్లు స్ట్రీమింగా, ఆర్కైవా అని ఒకదాన్నే ఎంచుకోవద్దని నేను పట్టుబట్టేది అందుకే. రెండూ పెట్టుకుంటే ఒకదాని లోటు ఇంకొకటి పూడుస్తుంది, అదనపు ఖర్చు కొద్ది స్టోరేజ్ మాత్రమే.

మైఎస్‌క్యూఎల్ ప్రైమరీ రెప్లికా గురించి పట్టించుకోదు. 8.0లో బిన్‌లాగ్‌లు మామూలుగా 30 రోజులు ఉంటాయి, తర్వాత పోతాయి. రెప్లికా అన్ని రోజులు తెగి ఉంటే దానికి దారి మూసుకుపోయినట్టే. మరోపక్క ఆ 30 రోజుల బిన్‌లాగ్‌లు మీ డిస్క్‌లో పడతాయా అన్నది ముందే చూసుకోవాలి. ఇంకో తేడా: పోస్ట్‌గ్రెస్ ఫిజికల్ స్టాండ్‌బైలో (లాగ్‌ని ఉన్నదున్నట్టు ఆడించే కాపీలో) ఎవరూ రాయలేరు. మైఎస్‌క్యూఎల్ రెప్లికాలో మాత్రం సూపర్ రీడ్ ఓన్లీ పెట్టకపోతే ఎవరో ఒకరు ఎప్పుడో ఒక అప్‌డేట్ కొడతారు, ఆ రోజు నుంచి రెండు కాపీలు వేరువేరు కథలు చెబుతాయి. జీటీఐడీలు (ప్రతి ట్రాన్సాక్షన్‌కీ, అంటే కలిసి ఖాయమయ్యే మార్పుల గుంపుకీ, ఇచ్చే నంబర్లు), రో ఆధారిత బిన్‌లాగ్ (మారిన వరసలనే రాసే లాగ్) పెట్టుకుని, అప్పుడప్పుడూ చెక్‌సమ్‌తో (డేటా నుంచి లెక్కగట్టే సరిచూపు అంకెతో) రెండు వైపులా పోల్చి చూడాలి.

వెనకబాటుని కొలవడంలోనూ మోసపోకండి. మైఎస్‌క్యూఎల్ చూపించే 'సోర్స్ వెనక ఎన్ని సెకన్లు' అనే అంకె, నెట్‌వర్క్ నెమ్మదించి లాగ్ ఇంకా రానేలేదనుకోండి, హాయిగా సున్నా చూపించగలదు. పోస్ట్‌గ్రెస్‌లో చివరి ట్రాన్సాక్షన్ సమయం చూసి లెక్కేస్తే, ప్రైమరీలో పనేమీ లేని రాత్రుళ్లు వెనకబాటు గంటల్లో కనిపించి అనవసరంగా టెన్షన్ పెడుతుంది. రెండింటికీ మందు ఒక్కటే: ప్రైమరీలో ఒక చిన్న టేబుల్, అందులో సెకనుకోసారి ప్రస్తుత సమయం రాసే జాబ్, అవతల దాన్ని చదివి తేడా చూసే అలర్ట్.

సింక్రనస్: సున్నా నష్టానికి కట్టే వెల

సింక్రనస్ అంటే అవతలి కాపీ 'చేరింది' అనేదాకా ఇక్కడ కమిట్ (మార్పుని ఖాయం చేయడం) పూర్తవదు. రెండు చోట్ల మధ్య రాకపోకలకి 30 మిల్లీసెకన్లు పడితే ప్రతి కమిట్‌కీ ఆ 30 కలుస్తాయి. టేబుల్‌లోని వేరువేరు వరసల్లో (రోల్లో) జరిగే పనులకి ఇది పెద్దగా తెలియదు, పక్కపక్కనే నడిచిపోతాయి. కానీ అందరూ ఒకే రోని అప్‌డేట్ చేసే చోట, ఉదాహరణకి ఒక నిల్వ లెక్కో, ఒక బ్యాలెన్సో ఉంటే, లాక్ ఆ 30 మిల్లీసెకన్లూ పట్టుకునే ఉంటుంది. సెకనుకి 33 అప్‌డేట్లు మించవు. ఏ సర్వర్ కొన్నా మించవు.

లింకు తెగితే ఏమవుతుందన్నది ఇక్కడ అసలు ప్రశ్న. దీనికి ఒక్కో డేటాబేస్ ఒక్కో జవాబిస్తుంది.

పోస్ట్‌గ్రెస్ ఆగిపోతుంది. సింక్రనస్ అని రాసుకున్న ఒక్క స్టాండ్‌బై కనబడకపోతే కమిట్‌లన్నీ వేచి ఉంటాయి, ఎంతసేపైనా. విసిగి ఎవరైనా క్వెరీని క్యాన్సిల్ చేస్తే వేచి ఉండటం ఆగుతుంది కానీ ట్రాన్సాక్షన్ ఇక్కడ కమిటయ్యే ఉంటుంది, అవతలికి మాత్రం చేరి ఉండకపోవచ్చు. రెండు స్టాండ్‌బైలు పెట్టి వాటిలో ఏదో ఒకటి జవాబిస్తే చాలనే కోరమ్ పద్ధతి 10వ వెర్షన్ నుంచి ఉంది. సింక్రనస్ కావాలంటే ఇలాగే పెట్టండి, ఒక్కదాంతో వద్దు.

మైఎస్‌క్యూఎల్ సెమీ-సింక్ జారుకుంటుంది. మామూలు సెట్టింగ్‌లో 10 సెకన్లు చూసి, జవాబు రాకపోతే అసింక్రనస్‌కి మారిపోయి పని కొనసాగిస్తుంది. సర్వీస్ ఆగదు కాబట్టి మంచిదే అనిపిస్తుంది. కానీ పెద్ద ప్రమాదాలకి ముందు చాలాసార్లు నెట్‌వర్కే తడబడుతుంది. అంటే సున్నా నష్టం అన్న హామీ, సరిగ్గా అది అక్కరకొచ్చే వేళకి కాస్త ముందు రద్దయిపోతుంది. సెమీ-సింక్ ఇప్పుడు ఆన్‌లో ఉందో లేదో చూపించే స్టేటస్ మీద అలర్ట్ లేకపోతే దాన్ని పెట్టుకున్న లాభం లేదు.

ఒరాకిల్ డేటా గార్డ్ ఈ విషయంలో నిజాయితీగా ఉంటుంది, మూడు మోడ్‌లకి మూడు పేర్లు పెట్టి మనల్నే ఎంచుకోమంటుంది. మ్యాక్సిమం ప్రొటెక్షన్‌లో అవతలికి చేరకపోతే ప్రైమరీ తనే మూతబడుతుంది. మ్యాక్సిమం అవైలబిలిటీలో తాత్కాలికంగా హామీ సడలిస్తుంది. మ్యాక్సిమం పెర్ఫార్మెన్స్ అంటే అసింక్రనస్. మిగతా డేటాబేస్‌లు వాడేవాళ్లు కూడా ఈ మూడు పేర్లని మనసులో పెట్టుకుని తమ సెట్టింగ్ ఏ గూటికి చెందుతుందో చూసుకుంటే మంచిది.

చాలామందికి తెలియని ఒక వెసులుబాటు: పోస్ట్‌గ్రెస్‌లో సింక్రనస్ కమిట్ సెట్టింగ్‌ని ట్రాన్సాక్షన్‌ని బట్టి మార్చుకోవచ్చు. డబ్బు కదిలే ట్రాన్సాక్షన్లు అవతలి జవాబు కోసం ఆగుతాయి, లాగిన్ చరిత్ర లాంటివి ఆగవు. అప్లికేషన్ కోడ్‌లో ఒక్క లైను. సున్నా నష్టం మీద పట్టుబట్టే వాళ్లతో వాదించడం కంటే, ఏ టేబుళ్లకి సున్నా కావాలో రాసిమ్మనడం మేలు.

మిగతా దారులు

లాజికల్ రెప్లికేషన్ టేబుళ్ల స్థాయిలో మార్పులని పంపుతుంది. వేరువేరు వెర్షన్ల మధ్య నడుస్తుంది, కావాల్సిన టేబుళ్లనే ఎంచుకోవచ్చు, వెర్షన్ అప్‌గ్రేడ్‌కి దీన్ని మించింది లేదు. విపత్తు కోసమైతే నేను వద్దంటాను. పోస్ట్‌గ్రెస్‌లో టేబుల్ నిర్మాణంలో మార్పులు దీని ద్వారా వెళ్లవు. ఇక్కడ కాలమ్ కలిపి అక్కడ మర్చిపోతే రెప్లికేషన్ అక్కడే ఆగుతుంది. 18వ వెర్షన్ దాకా సీక్వెన్స్‌ల (కొత్త నంబర్లు ఇచ్చే కౌంటర్ల) విలువలు కూడా వెళ్లవు. అవతలి కాపీని ప్రమోట్ చేసిన ఐదో నిమిషంలో కొత్త ఆర్డర్‌కి పాత నంబరే ఇవ్వబోయి డూప్లికేట్ కీ ఎర్రర్లు వరదలా వస్తాయి. డ్రిల్ చేయనివాళ్లకి ఇది అసలు రోజునే తెలుస్తుంది.

స్టోరేజ్ స్థాయి కాపీ, అంటే డీఆర్‌బీడీ (నెట్‌వర్క్ మీద డిస్క్‌ని డిస్క్‌కి అద్దే టూల్), జెడ్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్ స్నాప్‌షాట్లు (ఒక క్షణంలో డేటా ఎలా ఉందో ఆ నకళ్లు) పంపడం, శాన్ (నెట్‌వర్క్ మీద పంచుకునే డిస్క్‌ల) పెట్టెల సొంత రెప్లికేషన్, డేటాబేస్‌తో పాటు ఫైళ్లు, ఇతర అప్లికేషన్లు అన్నీ కలిపి ఒకేలా కాపీ చేయాల్సినప్పుడు పనికొస్తుంది. డేటా ఒక వాల్యూమ్‌లో, లాగ్ ఇంకో వాల్యూమ్‌లో ఉంటే రెండింటి స్నాప్‌షాట్ ఒకే క్షణంలో తీయాలి, లేదంటే అవతల తెరుచుకోకపోవచ్చు. డిస్క్‌లో పాడైన పేజీని కూడా ఇది శ్రద్ధగా కాపీ చేస్తుంది. లాగ్ ఆధారిత స్టాండ్‌బై తన పేజీలని తనే రాసుకుంటుంది కాబట్టి ఆ జబ్బు అంత తేలిగ్గా దాటదు.

మేనేజ్డ్ క్లౌడ్ డేటాబేస్ వాడేవాళ్లకి పని చాలావరకూ తగ్గుతుంది. అమెజాన్ ఆర్‌డీఎస్‌లో వేరే రీజియన్‌లో (క్లౌడ్ సంస్థ డేటా సెంటర్లున్న ఇంకో ప్రాంతంలో) రీడ్ రెప్లికా, అంటే చదవడానికి మాత్రమే పనికొచ్చే కాపీ, పెట్టొచ్చు. అరోరా గ్లోబల్ డేటాబేస్‌లో వెనకబాటు మామూలుగా సెకను లోపే. ఒక్క పొరపాటు మాత్రం తరచూ చూస్తాను. మల్టీ-ఏజెడ్ అనేది ఒకే రీజియన్‌లోని వేరువేరు జోన్ల (విడివిడి డేటా సెంటర్ గుంపుల) మధ్య కాపీ. సర్వర్ పోయినా, ఒక జోన్ పోయినా కాపాడుతుంది, రీజియన్ మొత్తం పోతే కాదు. వాళ్ల చేతిలోంచి బయటికి, మీ సొంత సర్వర్‌కి, ఫిజికల్ స్ట్రీమింగ్ కూడా ఆర్‌డీఎస్ పోస్ట్‌గ్రెస్ ఇవ్వదు. లాజికల్ దారే మిగులుతుంది. రీజియన్ దాటే డేటాకి విడిగా బిల్లు పడుతుందన్నది లెక్కలో వేసుకోండి.

రెప్లికా ఉంది కదా, బ్యాకప్ ఎందుకు అనేవాళ్లకి

ఎవరో వేర్ (ఏ వరసలో చెప్పే షరతు) లేకుండా డిలీట్ కొట్టారు. అర సెకనులో ఆ డిలీట్ దూరపు కాపీకీ చేరింది. రెప్లికా తన పని సరిగ్గానే చేసింది.

2017 జనవరి 31న కోడ్ దాచే సైట్ గిట్‌ల్యాబ్‌లో జరిగింది ఈ విషయంలో ప్రతి టీమూ చదవాల్సిన కథ. వెనకపడిన రెప్లికాని సరిచేసే ప్రయత్నంలో ఒక ఇంజినీరు పొరపాటున ప్రైమరీ సర్వర్‌లోని డేటా డైరెక్టరీని తీసేశారు. బ్యాకప్‌లు చూస్తే, డంప్ టూల్ వెర్షన్‌కీ డేటాబేస్ వెర్షన్‌కీ పొంతన లేక కొన్నాళ్లుగా ఫెయిలవుతున్నాయి. ఆ సంగతి చెప్పే ఈమెయిళ్లు ఎవరికీ చేరలేదు. అదృష్టవశాత్తూ సుమారు ఆరు గంటల ముందు వేరే పని కోసం తీసిన ఒక స్నాప్‌షాట్ దొరికింది. ఆ ఆరు గంటల డేటా పోయింది. జరిగిందంతా వాళ్లు దాచకుండా బయటపెట్టారు, అందుకే మనకి తెలుసు.

దీనికి మధ్యేమార్గం ఆలస్యపు రెప్లికా. అవతలి రెండో స్టాండ్‌బైని కావాలనే గంటో, నాలుగు గంటలో వెనక నడిపించడం. పోస్ట్‌గ్రెస్‌లో 9.4 నుంచి, మైఎస్‌క్యూఎల్‌లో 5.6 నుంచి ఈ సదుపాయం ఉంది. మోంగోడీబీ అనే డేటాబేస్‌లోనూ ఆలస్యపు సభ్యుడిని పెట్టొచ్చు. తప్పుని గంటలోపు గమనిస్తే రీప్లేని ఆపి, పోయిన టేబుల్‌ని అక్కడినుంచి తీసుకోవచ్చు. గమనించకపోతే దీనివల్లా లాభం లేదు, అందుకే ఇది కూడా బ్యాకప్‌కి బదులు కాదు. రాన్సమ్‌వేర్ (డేటాకి తాళం వేసి డబ్బడిగే దాడి) భయం ఉన్నచోట, రాసిన ఫైల్‌ని గడువుదాకా ఎవరూ చెరపలేని ఆబ్జెక్ట్ లాక్ ఉన్న స్టోరేజ్‌లో, వేరే అకౌంట్ కింద బ్యాకప్ ఉండాలి.

మారే నిర్ణయం మెషీన్‌దా, మనిషిదా

ఒకే డేటా సెంటర్ లోపల ఆటోమేటిక్ ఫెయిలోవర్ (ప్రైమరీ పడితే పని తనంతట తానే అవతలి కాపీకి మారడం) మంచిదే. ఊళ్లు దాటితే నేను మనిషి వైపే ఉంటాను. 2018 అక్టోబర్ 21న ఇంకో కోడ్ సైట్ గిట్‌హబ్‌లో అమెరికా తూర్పు తీరపు నెట్‌వర్క్ హబ్‌కీ అక్కడి ప్రధాన డేటా సెంటర్‌కీ మధ్య 43 సెకన్లు లింకు పోయింది. ఆర్కెస్ట్రేటర్ అనే టూల్ తన లెక్క ప్రకారం పశ్చిమ తీరంలోని మైఎస్‌క్యూఎల్‌ని ప్రైమరీ చేసేసింది. తూర్పున అప్పటికే రాసి ఇంకా అవతలికి చేరని కొద్ది సెకన్ల మార్పులు అటు లేవు, పశ్చిమాన రాస్తున్న కొత్త మార్పులు ఇటు లేవు. రెండూ కలిపి సరిచేసేసరికి 24 గంటల 11 నిమిషాలు సర్వీస్ కుంటుతూ నడిచింది. ఎవరూ ఏమీ చేయకుండా కాఫీ తాగి వచ్చినా 43 సెకన్లలో పోయేది ఆ సమస్య.

ఆటోమేటిక్ తప్పదంటే ఓటు వేసే మూడో చోటు కావాలి. రెండే చోట్లు ఉంటే లింకు తెగినప్పుడు అవతలివాడు చచ్చాడా, మాట వినపడటం లేదా అని ఎవరూ తేల్చలేరు. పోస్ట్‌గ్రెస్ ఫెయిలోవర్ టూల్ పాట్రోనీకి ఆధారమైన ఈటీసీడీ అయినా, మోంగోడీబీ రెప్లికా సెట్ అయినా మెజారిటీ మీదే నడుస్తాయి. మెజారిటీ అంతా ప్రధాన చోటే ఉంటే, అది కాలిపోయిన రోజున దూరంగా మిగిలిన ఒక్కడు తనంతట తాను ప్రైమరీ కాలేడు. ఆ సంగతి తెలిసి చేసుకుంటే ఫరవాలేదు, మనిషి వచ్చి బలవంతంగా మారుస్తాడు.

నా ఎంపికలు

ఇద్దరు ముగ్గురున్న టీమ్, కొన్ని పదుల జీబీల డేటాబేస్, గంట రెండు గంటలు ఆగినా కొంప మునగని సర్వీస్ అయితే లాగ్ ఆర్కైవ్ ఒక్కటే చాలు. వేరే రీజియన్‌లో, వేరే అకౌంట్‌లో పెట్టండి. నెలకోసారి కొత్త మెషీన్ మీద దాన్నుంచి డేటాబేస్‌ని లేపి చూడండి. రెప్లికాని సాకే ఓపిక ఆ టీమ్‌కి ఉండదు, సాకని రెప్లికా లేనిదానికంటే ప్రమాదం.

వందల జీబీలు దాటి, అరగంటలో లేవాల్సిన సర్వీస్ అయితే అసింక్రనస్ స్టాండ్‌బై, దానికి తోడు అదే ఆర్కైవ్, మారే నిర్ణయం మనిషిది. నేను సలహా ఇచ్చినవాళ్లలో ఎక్కువమంది ఇక్కడే ఆగారు, ఆగడమే మంచిదని నా అభిప్రాయం కూడా.

నిజంగానే ఒక్క ట్రాన్సాక్షన్ పోకూడదంటే, 100 కి.మీ. లోపు రెండు సింక్రనస్ స్టాండ్‌బైలు (ఏదో ఒకటి జవాబిస్తే చాలనే కోరమ్‌తో), దూరంగా ఇంకొక అసింక్రనస్ స్టాండ్‌బై. దగ్గరవి డేటాని కాపాడతాయి, దూరంగా ఉన్నది వరదలాంటి పెద్ద విపత్తుకి. ఒరాకిల్‌లో ఫార్ సింక్ పేరుతో ఉన్నదీ ఇలాంటి ఆలోచనే: దగ్గర్లో లాగ్‌ని మాత్రం అందుకునే చిన్న ఇన్‌స్టెన్స్, అక్కడినుంచి దూరానికి. దీన్ని నడపడానికి రాత్రీ పగలూ చూసుకునే మనుషులు కావాలి. వాళ్లు లేకుండా ఈ సెటప్ కొనొద్దు.

అవతల మర్చిపోయేవి

లింకు మీద పోయే ప్రతిదీ ఎన్‌క్రిప్ట్ చేయాలని అందరికీ తెలుసు. పోస్ట్‌గ్రెస్ క్లయింట్ మామూలుగా అవతలి సర్టిఫికెట్‌ని సరిచూడదన్నది కొందరికే తెలుసు. ఎస్‌ఎస్‌ఎల్ మోడ్‌ని వెరిఫై-ఫుల్ చేయండి.

రెండు చోట్లా ఆపరేటింగ్ సిస్టమ్ వెర్షన్ ఒకటే ఉండాలి. 2018లో వచ్చిన, లినక్స్ మూల లైబ్రరీ అయిన జీలిబ్‌సీ 2.28 అక్షరక్రమం నియమాలని మార్చింది. ప్రైమరీ పాత లినక్స్ మీద, స్టాండ్‌బై కొత్తదాని మీద ఉంటే, అక్షరాల కాలమ్‌ల మీది ఇండెక్స్‌లు స్టాండ్‌బైలో తప్పు జవాబులిస్తాయి. రెప్లికేషన్ మాత్రం పచ్చగానే కనిపిస్తుంది. ప్రమోట్ చేశాక ఉన్న కస్టమర్ లేడంటుంది.

ఇంకా చూసుకోవాల్సినవి: డీఎన్‌ఎస్ టీటీఎల్ (సర్వర్ పేరుకి పాత అడ్రస్‌నే గుర్తుంచుకునే సమయం) గంట ఉంటే మీ ఐదు నిమిషాల ఫెయిలోవర్‌కి అర్థం లేదు. అవతలి మెషీన్ సగం సైజుదైతే లోడ్ మొత్తం మీద పడినప్పుడు కూలుతుంది. క్రాన్ జాబ్‌లు (వేళకి తమంతట నడిచే పనులు), కనెక్షన్ పూలర్ (డేటాబేస్ కనెక్షన్లని పంచే టూల్) సెట్టింగ్‌లు, ఎన్‌క్రిప్షన్ తాళాలు డేటాబేస్ లోపల ఉండవు, వాటిని రెప్లికేషన్ తీసుకెళ్లదు. బ్యాకప్ తాళం కాలిపోయిన సర్వర్‌లోనే ఉండిపోతే బ్యాకప్ కూడా కాలిపోయినట్టే.

చివరగా తిరుగు ప్రయాణం. అవతలికి మారడం మీద పది పేజీలు రాసుకున్న టీమ్‌లు కూడా వెనక్కి రావడం మీద ఒక లైను రాసుకోవు. పాత ప్రైమరీలో అవతలికి చేరని మార్పులు కొన్ని మిగిలి ఉంటాయి కాబట్టి దాన్ని అలాగే స్టాండ్‌బైగా కలపలేరు. పోస్ట్‌గ్రెస్‌లో పీజీ రివైండ్ ఆ మార్పుల్ని వెనక్కి తీసి కలపగలదు, కానీ డేటా చెక్‌సమ్‌లు గానీ, వాల్ లాగ్ హింట్స్ సెట్టింగ్ గానీ ముందునుంచే ఆన్‌లో ఉండాలి. లేకపోతే 1 టీబీని మళ్లీ మొదటినుంచి, ఈసారి ఎదురు దిశలో పంపాలి. ఆ రెండింటిలో ఏది ఆన్‌లో ఉందో ఈరోజే ప్రైమరీలో ఒక క్వెరీ కొట్టి చూసుకోవచ్చు.